ఆటగాడి చేతిలో కుంచె: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నెల్లూరులో డ్రాయింగ్ మాస్టర్ని. సాయంత్రం అయిదయ్యేసరికి ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో వాలీబాల్ కోర్టు పక్కన ఉంటాను. మోకాలు బాగున్నన్నాళ్ళు ఆడాను, ఇప్పుడు విజిల్ ఊదుతున్నాను. స్కూల్లో తల్లిదండ్రులు అడిగేదీ, గ్రౌండులో పిల్లలు అడిగేదీ తిప్పి తిప్పి ఒకటే: ఆటా బొమ్మా రెండూ పొసుగుతాయా సార్? కావలి నుంచీ ఒంగోలు నుంచీ వచ్చే ఫోన్లూ ఇవే. చెప్పిందే చెప్పి విసుగొచ్చి రాసిపెట్టాను. ఎవరికి కావాల్సిన ప్రశ్న దగ్గర వాళ్ళు ఆగండి.

## మొదలుపెట్టక ముందు

మా వాడు జిల్లా టీములో కబడ్డీ ఆడతాడు. ఇప్పుడు బొమ్మలేస్తానంటున్నాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టు కాదా?

చూసేవాళ్ళకి ఆడే టైమే కనిపిస్తుంది. ఆడేవాడి రోజులో ఎక్కువ భాగం కాచుకుని కూర్చోవడమే. కబడ్డీ మ్యాచ్ 40 నిమిషాలు, ఒక రెయిడ్ 30 సెకన్లు. టోర్నమెంటుకి పోయిన రోజు మీ వాడు మహా అయితే రెండు మ్యాచులు ఆడతాడు. మిగతా పూటంతా షామియానా కింద ఫోను గోకుతూ ఉంటాడు. ఆ చేతికి పెన్సిలు ఇస్తున్నాం, అంతే.

ఇంగ్లండు వికెట్ కీపర్ జాక్ రసెల్ బొమ్మల్లోకి వచ్చింది ఈ దారినే. వానకి ఆట ఆగితే పెవిలియన్‌లో ఊరికే కూర్చోలేక స్కెచ్‌బుక్ పట్టాడు. ఆయన 54 టెస్టులు ఆడాడు, 1995లో జోహాన్నెస్‌బర్గ్ టెస్టులో 11 క్యాచ్‌లు పట్టాడు. చిప్పింగ్ సాడ్‌బరీ అనే చిన్న ఊళ్ళో సొంత గ్యాలరీ కూడా పెట్టుకున్నాడు. ఇది రెండు పడవల వ్యవహారం కాదు. పడవ ఒడ్డునున్నప్పుడు వల బాగుచేసుకోవడం లాంటిది. మా సముద్రపు ఒడ్డు ఊరు మైపాడులో ఎవర్నడిగినా చెబుతారు.

పెద్ద ఆటగాళ్ళు ఎవరైనా నిజంగా ఆర్టిస్టులయ్యారా, లేక పేరుంది గదా అని గీతలు గీసి అమ్ముకున్నవాళ్ళేనా?

పేరు అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు, లేరని చెప్పను. కానీ ఎర్నీ బార్న్స్ సంగతి వినండి. ఈయన ఆడింది అమెరికన్ ఫుట్‌బాల్, అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట. 1960 నుంచి 1964 దాకా ప్రొఫెషనల్‌గా ఆడాడు. నార్త్ కరోలినా రాష్ట్రంలో 1938లో పుట్టిన నల్లజాతి కుర్రాడు. చిన్నప్పుడు లావుగా ఉండి, తోటిపిల్లలు ఏడిపిస్తే స్కెచ్‌బుక్ పట్టుకుని మూల కూర్చునేవాడు.

కాలేజీలో ఆయనకి పాఠం చెప్పిన శిల్పి ఎడ్ విల్సన్ ఒక సలహా ఇచ్చాడు: ఆడేటప్పుడు నీ ఒంట్లో ఏం జరుగుతోందో గమనించుకో అని. బార్న్స్ బొమ్మలన్నీ ఆ సలహాలోంచే వచ్చాయి. ఆయన మనుషుల మెడలు సాగి ఉంటాయి, చేతులు మోకాళ్ళు దాటతాయి, కళ్ళు మూసుకుని ఉంటాయి. కొలతల ప్రకారం చూస్తే తప్పు. పరిగెత్తి ఎగిరినవాణ్ణి అడగండి, సరిగ్గా అట్లాగే అనిపిస్తుందంటాడు. ఒక టీము ఓనరు ఆయనకి ఆడినందుకు కాకుండా బొమ్మలేసినందుకు సీజన్ జీతం ఇచ్చాడు. 1966లో న్యూయార్క్‌లో ప్రదర్శన జరిగింది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కి అధికారిక చిత్రకారుడయ్యాడు.

2009లో ఆయన పోయాడు. 2022లో ‘ద షుగర్ షాక్’ అనే ఆయన బొమ్మ క్రిస్టీస్ వేలంలో కోటిన్నర డాలర్లు దాటి పలికింది. ఆ బొమ్మలో బంతీ లేదు, జెర్సీ లేదు. ఒక డాన్సు హాల్లో జనం ఊగిపోతుంటారు. ఆ ఊపు గీసింది మాత్రం ఆటగాడే.

ఒలింపిక్స్‌లో బొమ్మలకి కూడా మెడల్ ఇచ్చేవాళ్ళంట, నిజమేనా?

నిజమే. 1912 స్టాక్‌హోమ్ నుంచి 1948 లండన్ దాకా ఇచ్చారు. ఆధునిక ఒలింపిక్స్‌ని మొదలుపెట్టిన కూబెర్టిన్ పట్టుబట్టి పెట్టించాడు. ఆర్కిటెక్చర్, సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం అని అయిదు విభాగాలు. పంపే కృతి ఏదైనా ఆటల మీదే ఉండాలని షరతు. మొత్తం 151 పతకాలు ఇచ్చారు. 1948లో ఆ బొమ్మల్ని లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వేలాడదీశారు. స్వతంత్ర ఐర్లండ్‌కి మొట్టమొదటి ఒలింపిక్ పతకం తెచ్చింది పరుగూ కాదు, బాక్సింగూ కాదు. 1924 పారిస్‌లో చిత్రకారుడు జాక్ బి. యేట్స్‌కి నదిలో ఈతపోటీ బొమ్మ మీద వచ్చిన రజతం.

ఇంకో తమాషా చెబుతాను. 1912లో సాహిత్యం స్వర్ణం ఒక మారుపేరు కవితకి దక్కింది. ఆ మారుపేరు కూబెర్టిన్‌దే! మనూళ్ళో ముగ్గుల పోటీ పెట్టి, పెట్టినావిడే మొదటి బహుమతి పట్టుకెళ్ళినట్టుంది గదా.

ఎందుకు ఆపేశారంటే, అప్పట్లో ఒలింపిక్స్ డబ్బు తీసుకోని ఆటగాళ్ళకే. చిత్రకారులేమో బొమ్మలమ్ముకుని బతికేవాళ్ళు. ఆ రెండూ కుదరక, పోటీ తీసేసి ప్రదర్శన మాత్రం ఉంచారు. ఆ పాత కళాపతకాల్ని ఇప్పుడు దేశాల పట్టికలో లెక్కపెట్టరు.

ఒకే మనిషికి ఆటలోనూ, కళలోనూ మెడల్ వచ్చిందా?

ఇద్దరికే వచ్చింది. అమెరికన్ వాల్టర్ వినాన్స్ 1908లో షూటింగులో స్వర్ణం గెలిచాడు. 1912లో గుర్రం శిల్పానికి మరో స్వర్ణం తీసుకున్నాడు, అదే ఏడు షూటింగులో రజతం కూడా.

రెండోవాడు హంగరీ ఈతగాడు ఆల్‌ఫ్రెడ్ హాయోష్. వాళ్ళ నాన్న డాన్యూబ్ నదిలో మునిగి చనిపోయాక ఈత నేర్చుకున్నాడు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పోటీ స్విమ్మింగ్ పూల్‌లో కాదు, చల్లటి సముద్రంలో. ఒంటికి కొవ్వు పూసుకుని దిగి రెండు పోటీలు గెలిచాడు. అప్పటికి ఆర్కిటెక్చర్ విద్యార్థి. తిరిగి కాలేజీకి పోతే డీన్ గారు, నీ మెడల్స్‌తో నాకు పని లేదు, వచ్చే పరీక్షలో ఏం రాస్తావో చూస్తానన్నాడని చెబుతారు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా స్కూలు పిల్లలు చప్పట్లు కొడతారు, ఎందుకో మీకు తెలుసు. 1924లో స్టేడియం డిజైనుకి ఆయనకి రజతం వచ్చింది. ఆ విభాగంలో స్వర్ణం ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పటి ఒలింపిక్స్‌లో కళకి చోటుందా?

పోటీ లేదు, పతకం లేదు. కానీ 2018 ప్యాంగ్‌చాంగ్ శీతాకాల క్రీడల నుంచి, ఒలింపిక్స్ ఆడి కళాకారులైనవాళ్ళని పిలిచి అక్కడే పని చేయించే కార్యక్రమం నడుస్తోంది. బ్రిటన్ తరఫున 1984, 1988లో జావెలిన్ విసిరిన రోల్డ్ బ్రాడ్‌స్టాక్ ప్యాంగ్‌చాంగ్‌కి వెళ్ళినవాళ్ళలో ఒకడు. 2024 పారిస్‌లో ఫ్రాన్స్ హ్యాండ్‌బాల్ ఆటగాడు లూక్ అబాలో బొమ్మలు పెట్టారు.

మా నాన్న ట్రంకు రోడ్డులో షాపుల బోర్డులు రాసేవాడు. నేను బాక్సింగ్ చేస్తాను. బోర్డులు రాయడం కూడా ఆర్ట్ కిందికి వస్తుందా?

మహమ్మద్ అలీ వాళ్ళ నాన్న కూడా బోర్డులు రాసేవాడే. లూయీవిల్ ఊళ్ళో హోర్డింగులు, షాపుల పేర్లు రాసి సంసారం నడిపాడు. అలీకి గీసే అలవాటు ఇంట్లోనే అబ్బింది. రింగు మధ్యలో తను, ఎదుటివాడు కిందపడి, పైన మాటల బుడగ, ఇట్లా కామిక్ పుస్తకంలా గీసేవాడు. 1978లో వేసిన అట్లాంటి బొమ్మ ఒకటి 2021 వేలంలో 4,25,000 డాలర్లకి పోయింది. నిజం చెప్పాలంటే అక్కడ ధర పలికింది అలీ పేరుకి. బొమ్మలో పసితనమే ఎక్కువ. అయినా నాకు ఇష్టం.

మీ నాన్న పని మాత్రం ఇంకా గట్టిది. నిచ్చెన మీద నిలబడి, ఎనామిల్ పెయింటుతో మూడడుగుల ‘శ్రీ’ని చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపులో తిప్పడం నేను చేయలేను. ఫ్లెక్సులు వచ్చాక ఆ చేతులన్నీ ఖాళీ అయిపోయాయి. బ్రష్ పట్టడం ఆయన దగ్గర నేర్చుకోండి, నా దగ్గర కాదు.

## ప్రాక్టీసు రోజుల్లో

పొద్దున అయిదుకి గ్రౌండు, సాయంత్రం మళ్ళీ గ్రౌండు. గీయడానికి టైమేది సార్?

మధ్యలో ఏం చేస్తున్నారు? మన ఎండలకి పదింటి నుంచి నాలుగింటి దాకా ఎవరూ గ్రౌండులో అడుగుపెట్టరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. భోంచేసి ఒక కునుకు తీశాక ఇరవై నిమిషాలు చాలు. రోజూ ఇరవై నిమిషాలు గీసేవాడు, ఆదివారం అయిదు గంటలు గీసేవాణ్ణి దాటిపోతాడు. ఈ లెక్క ఆటగాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, వార్మప్ ఎగ్గొట్టి ఆదివారం మాత్రం పరిగెత్తేవాడు ఏమవుతాడో చూస్తూనే ఉన్నారు.

పెద్ద మ్యాచ్ ముందు రోజు గీయొచ్చా?

మీ ఆటని బట్టి. షూటింగ్, ఆర్చరీ వాళ్ళు పెన్నుతో సన్నగీతల పని పెట్టుకోవద్దు. మూడు గంటలు వేళ్ళు బిగపట్టి గీస్తే మర్నాడు చెయ్యి అలసిపోయి ఉంటుంది. పెద్ద కాగితం గోడకి అంటించి, బొగ్గుతో భుజం నుంచి చెయ్యి ఊపుతూ గీయడం పరవాలేదు. పరుగు, జంప్ వాళ్ళకి ఏ పట్టింపూ లేదు. రాత్రి పదింటి తర్వాత మాత్రం ఎవరికీ వద్దు, నిద్ర పోతుంది.

కోచ్‌కి ఇష్టం లేదు. బొమ్మలేస్తే ఆట మీద ధ్యాస పోతుందంటున్నాడు.

కోచ్ మాట్లాడేటప్పుడు గీయకండి. సగం గొడవ అక్కడే ఆగిపోతుంది. ఎర్నీ బార్న్స్‌కి టీము మీటింగుల్లో గీస్తున్నాడని జరిమానా వేశారు. బార్న్స్ అంతటివాడికే తప్పలేదు.

తర్వాత ఒక పని చేయండి. మీ ప్రత్యర్థి రెయిడుకి వచ్చేటప్పుడు ఏ కాలు ముందు పెడతాడో, భుజం ఎటు వంగుతుందో నాలుగు గీతల్లో గీసి కోచ్‌కి చూపించండి. మా దగ్గర ఒక పిల్లోడు ఇట్లాగే చూపిస్తే, మర్నాటి నుంచి కోచే వాణ్ణి పిలిచి “ఒరే, ఆ పొడుగోణ్ణి గీసి పెట్టు” అనడం మొదలుపెట్టాడు.

దెబ్బ తగిలి మంచం మీదున్నాను. మూడు నెలలు ఆడకూడదన్నారు. చెయ్యి బాగానే ఉంది, ఏం గీయాలి?

నా మోకాలు పోయినప్పుడు నేను ఫ్యాను గీశాను. మంచం మీద పడుకుంటే ఇంకేం కనిపిస్తుంది? మొదటి వారం ఆగి ఉన్న ఫ్యాను, కరెంటు పోయినప్పుడు. తర్వాత తిరిగే ఫ్యాను. తిరిగేదాన్ని గీయబోతే రెక్కలు లెక్కపెట్టడం మానేయాలని అప్పుడు తెలిసింది. మసక మచ్చ ఒకటి, దాని అంచున ఒక గట్టి గీత, అంతే. స్పైకు కొట్టే చేతిని గీయడం నాకు ఆ ఫ్యాను దగ్గరే వచ్చింది.

మీరు ఫ్యానే గీయనక్కర్లేదు. కట్టు కట్టిన మీ కాలే గీయండి, తేదీ వేయండి. వాపు తగ్గడం వరసగా కనిపిస్తుంది. మీ ఫిజియో కూడా అడిగి చూస్తాడు.

## గీసేటప్పుడు

ఫోటో చూసి గీస్తే బొమ్మ బిగుసుకుపోతోంది. కదిలే మనిషిని ఎట్లా గీయాలి?

మార్కాపురం పలక ఒకటి కొనండి, ప్లాస్టిక్‌ది కాదు, రాతి పలక. ఒక బలపం, ఒక తడిగుడ్డ. గ్రౌండు గట్టున కూర్చుని ఒక మనిషిని ఎంచుకోండి. అతను కదిలినప్పుడు చూడండి, పలక వైపు కాదు. తర్వాత 30 సెకన్లలో గీయండి.

మొదట వెన్ను. మెడ దగ్గర మొదలై తుంటి దాకా ఒకే గీత, అది ఎటు వంగిందో అటే. రెండోది, ఒంటి బరువంతా ఏ కాలి మీద ఉందో ఆ కాలు. రెండో కాలు అక్కర్లేదు, ఉన్నా ఒక చిన్న గీత. మూడోది భుజాల వాలు. తల చివర, ఒక సున్నా. ముఖం గీయొద్దు, ముఖం మొదలుపెడితే ఆట ఆగిపోతుంది. అయిపోయిందా? తుడిచేయండి.

తుడిచేయడమే ఇందులో కిటుకు. కాగితం మీద అయితే ప్రతి బొమ్మా దాచుకోవాలనిపిస్తుంది, తప్పు పోతుందేమోనని చెయ్యి భయపడుతుంది. పలక మీద పోయేదేముంది? రోజుకి ఇరవై గీసి ఇరవై తుడిచినవాడు రెండు నెలల్లో భయం మర్చిపోతాడు. బలపం కీచుమన్నప్పుడల్లా పక్కవాళ్ళు తిరిగి చూస్తారు, దానికి నేనేం చేయలేను.

పలక మీద ఆటగాడికి ఒక లాభం ఉంది. ఎదుటివాడు ఏ కాలు మీద బరువేశాడో మామూలు చిత్రకారుడు వెతుక్కోవాలి. కబడ్డీ ఆడే పిల్లకి అది చూడకుండానే తెలుసు, తెలియకపోతే పట్టుబడుతుంది గదా.

కండరాలు నేర్చుకోవడానికి మోడల్ దొరకరు. ఏం చేయాలి?

ఒంగోలు గిత్త కంటే మంచి మోడల్ ఎవరు? సంక్రాంతి ముందూ తర్వాతా ఊళ్ళలో బండలాగుడు పోటీలు జరుగుతాయి. అక్కడికి పోండి. బండ కదలబోయే ముందు ఆ ఒక్క క్షణం చూడండి. మూపురం ముందుకి తోసుకొస్తుంది, గంగడోలు బిగుసుకుంటుంది, వెనక తొడల్లో కండ తాళ్ళలా లేస్తుంది. తెల్లటి ఒళ్ళు కాబట్టి నీడలు స్పష్టంగా పడతాయి, కాగితం తెలుపునే చర్మంగా వదిలేసి నీడలు మాత్రం వేస్తే చాలు. స్టార్టింగ్ బ్లాక్ మీద వంగిన పరుగు ఆటగాడి ఒంట్లో కూడా బలం వెనక తొడల నుంచే లేస్తుంది. ఎద్దుని గీయగలిగినవాడు వాణ్ణి గీయగలడు.

అన్నట్టు, బ్రెజిల్‌లో కోట్ల కొద్దీ పెంచే పశువుల జాతి పేరు ‘నెలోరె’. మన ఒంగోలు పశువులే, మన ఊరి పేరు మీద అక్కడ బతుకుతున్నాయి.

ఏ రంగులు కొనాలి?

అక్రిలిక్. నీళ్ళతో కలపొచ్చు, వాసన ఉండదు, బ్యాగులో పట్టేస్తుంది. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, ముదురు గోధుమరంగు, అయిదు ట్యూబులు చాలు. మే నెలలో పళ్ళెంలో పిండిన రంగు పది నిమిషాల్లో అట్టకట్టుకుపోతుంది, కింద తడి బట్ట పరిచి పైన బటర్ పేపర్ వేసి దాని మీద పిండుకోండి. ఆయిల్ రంగులు తర్వాత చూద్దాం. టర్పెంటైన్ వాసన మూసిన గదిలో పీల్చడం ఎవరికీ మంచిది కాదు, ఊపిరి మీద బతికే ఆటగాడికి అసలే కాదు.

ఆటగాణ్ణి కాబట్టి ఆటల బొమ్మలే వేయాలా?

అక్కర్లేదు. అమెరికా డిస్కస్ వీరుడు అల్ ఓర్టర్ 1956, 1960, 1964, 1968, వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. తర్వాత ఆయన వేసినవన్నీ నైరూప్య చిత్రాలే, మనుషులుండరు. కొన్నిటికి మాత్రం డిస్కస్‌నే రంగులోకి విసిరి, కాన్వాసు మీద చిమ్మిన చుక్కల్ని అట్లాగే ఉంచాడు. ఆట ఆయన్ని పూర్తిగా వదల్లేదన్నమాట. మీకు పెన్నా ఒడ్డు ఇష్టమైతే అదే గీయండి, కృష్ణపట్నం క్రేన్లు ఇష్టమైతే అవి.

నాకు గీయడం రాదు, ఫోటోలు తీస్తా. లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. ఫ్రాన్స్ ఫెన్సింగ్ ప్రపంచ ఛాంపియన్ ఎంజో లెఫోర్ ఫోటోగ్రాఫరే. బేస్‌బాల్ పిచ్చర్ ర్యాండీ జాన్సన్ కాలేజీలో ఫోటో జర్నలిజం చదివాడు, రిటైరయ్యాక ఆ కెమెరానే పట్టాడు. 2001లో ఆయన విసిరిన బంతికి ఎగురుతున్న పావురం ఒకటి అడ్డొచ్చి చచ్చిపోయింది. ఇప్పుడు ఆయన ఫోటో సంస్థ గుర్తు వెల్లకిలా పడిన పక్షి. హాస్యమో, పశ్చాత్తాపమో నాకు అర్థం కాదు.

## ప్రదర్శన పెట్టేటప్పుడు

ఎన్ని బొమ్మలుంటే ఎగ్జిబిషన్ పెట్టొచ్చు?

పన్నెండు. కానీ పన్నెండు గీస్తే పన్నెండు పెట్టడం కాదు. నలభై గీసి ఇరవై ఎనిమిది ఇంట్లో వదిలేయాలి. ఏవి వదలాలో సొంతంగా తేల్చుకోలేరు, మిమ్మల్ని మెచ్చుకోని స్నేహితుణ్ణి ఒకణ్ణి పిలవండి.

నెల్లూరులో ఎక్కడ పెట్టాలి?

ఆర్ట్ గ్యాలరీ అని బోర్డు కోసం వెతక్కండి. పురమందిరంలో సభలు జరిగే రోజున వరండా అడగండి, స్కూలు హాలు అడగండి, జిల్లా స్థాయి టోర్నమెంటు జరిగేటప్పుడు స్టేడియంలోనే ఒక గది అడగండి. జనం ఎట్లాగూ వస్తారు. తర్వాత మెట్టు చెన్నై. పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం చూసి, అక్కణ్ణించి చిత్రకారులే 1966లో కట్టుకున్న చోళమండలం గ్రామం కూడా చూసి రావొచ్చు. పెట్టడానికి ముందు నాలుగు ప్రదర్శనలు చూడండి, బొమ్మకీ బొమ్మకీ మధ్య ఎంత గోడ వదిలారో కొలుచుకు రండి.

డిసెంబరులో సెలవలుంటాయి గదా, అప్పుడు పెడితే?

వద్దు. నెల్లూరుకి వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. నేను ఒకసారి ఈ తప్పు చేశాను. ఒక చిన్న హాలు చౌకగా దొరికింది, నలుగురు పిల్లల నీటిరంగు బొమ్మలు పెట్టాం. ఫ్రేములు కట్టినాయన కాగితానికీ అద్దానికీ మధ్య మౌంటు, అంటే మందపాటి అట్ట చట్రం, పెట్టకుండా బిగించాడు, నేనూ చూసుకోలేదు. రెండో రోజు తుఫాను. నాలుగో రోజు తలుపు తీస్తే, రాష్ట్రస్థాయి కబడ్డీ ఆడిన ఒక పిల్ల వేసిన బొమ్మలో నీలం మొత్తం అద్దానికి అంటుకుని ఉంది. అద్దం తీస్తే ఆకాశం అద్దంతో వచ్చేసింది. మరో రెండిటి వెనక పచ్చగా బూజు. ఆ పిల్ల ఏడవలేదు, “పోన్లే సార్, అద్దమే పెడదాం గోడకి” అంది. పెట్టాం కూడా.

జనవరి చివర నుంచి మార్చి దాకా మంచిది. మౌంటు తప్పనిసరి, ఫ్రేము వెనక గోడకి తగలకుండా రెండు బిరడా ముక్కలు అంటించండి, గాలి ఆడుతుంది.

బొమ్మల పక్కన నా మెడల్స్ పెట్టాలా?

నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: వద్దు. మెడల్ చూస్తే జనం బొమ్మ చూడటం మానేస్తారు. “ఆడేవాడు ఇంత బాగా గీశాడే” అంటారు. ఆ మాటలో ‘ఆడేవాడు’ తీసేస్తే ఏం మిగులుతుందో మీకు తెలియాలి గదా. బార్న్స్ డాన్సు హాలు బొమ్మ కొన్నవాళ్ళు ఆయన ఎన్ని మ్యాచులాడాడో లెక్కపెట్టి కొనలేదు.

ఆహ్వాన పత్రికలో మీ ఆట పేరు వేయండి, జనం రావాలంటే అది కావాలి. గోడ మీద మాత్రం బొమ్మ పేరు, కొలత, ఏ రంగులు, ఏ సంవత్సరం, అంతే. విలేకరి వచ్చి ఆట గురించే అడుగుతుంటే ఆయన్ని ఒక బొమ్మ ముందుకి తీసుకెళ్ళి నిలబెట్టి, ఈ మోచెయ్యి ఎందుకిట్లా వంచానో చెప్పండి. ఆయనకీ కొత్త వార్త దొరుకుతుంది.

## అమ్మేటప్పుడు

ధర ఎంత పెట్టాలి?

చదరపు అంగుళం లెక్క కట్టండి. 18×24 అంగుళాల బొమ్మ 432 చదరపు అంగుళాలు. కొత్తవాళ్ళు అంగుళానికి పది రూపాయలు అనుకుంటే 4,320, ఫ్రేము ఖర్చు విడిగా. అన్ని బొమ్మలకీ ఒకే లెక్క ఉండాలి, మీకు ముద్దొచ్చిన బొమ్మకి రెట్టింపు పెట్టకండి. బంధువులకి తగ్గించాల్సి వస్తే బిల్లు మీద అసలు ధర రాసి తగ్గింపు చూపండి. స్టేట్ మెడల్ వచ్చిందని బొమ్మ ధర పెంచితే, వచ్చే ఏడాది ఓడినప్పుడు తగ్గించాల్సొస్తుంది.

నా బొమ్మ కొన్నాయన దాన్ని టీషర్టుల మీద అచ్చేసి అమ్ముతున్నాడు. కొన్నాడు కాబట్టి హక్కు ఆయనదేనా?

కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ అమ్మితే ఆ కాన్వాసు పోతుంది, అచ్చువేసుకునే హక్కు పోదు. అది మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు మీదీ మీ వారసులదీ. రాతపూర్వకంగా రాసిచ్చారా లేదా అనేదే తేడా. ఒక్క మెలిక ఉంది. ఎవరైనా డబ్బిచ్చి తమ పోర్ట్రెయిట్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ వాళ్ళదవుతుంది. అందుకే ఆర్డరు బొమ్మలకి ఒక్క పేజీ ఒప్పందమైనా రాసుకోండి.

బొమ్మలో టీము లోగో, ఒలింపిక్ రింగులు వేయొచ్చా?

ఇంట్లో గోడకి ఏదైనా వేసుకోండి. అమ్మే బొమ్మలో వద్దు. అయిదు వలయాల గుర్తుకి 1981 నైరోబీ ఒప్పందం రక్షణ ఉంది, టీము లోగోలు ట్రేడ్‌మార్కులు. లోగో లేకుండా రంగు చాలు, చూసేవాడికి టీము తెలిసిపోతుంది.

స్పోర్ట్స్ కోటాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నాను. బొమ్మలమ్మితే ఇబ్బందా?

కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో, అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదని ఉంది, డ్యూటీకి అడ్డురాకూడదు. అప్పుడప్పుడూ అనే మాట గమనించండి. నెలనెలా అమ్ముతుంటే అది వ్యాపారం కిందికి పోవచ్చు. పై అధికారికి ఒక కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని దాచుకోండి.

## ఆట ఆగాక

ఇంటర్ అయిపోతోంది. ఆట కొనసాగదని తెలుస్తోంది. బొమ్మల్లోకే పోవాలంటే ఏం చదవాలి?

ముందు ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాయండి. ఖర్చు తక్కువ, మీకు ఓపికుందో లేదో తేలిపోతుంది. తర్వాత నాలుగేళ్ళ బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కడపలో ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ పేరున్నది ఉన్నాయి. సీటు కోసం మీరు గీసిన బొమ్మలు చూపించాల్సొస్తే, సినిమా హీరోల పెన్సిల్ బొమ్మలు తీసుకెళ్ళకండి. అవి అందరూ తెస్తారు. గ్రౌండు గట్టున గీసినవి తీసుకెళ్ళండి.

నాకు 58. ఒకప్పుడు యూనివర్సిటీ టీముకి ఆడాను, ఇప్పుడు మోకాళ్ళు లేవనివ్వవు. ఈ వయసులో మొదలుపెడితే నవ్వరా?

నవ్వేవాళ్ళు వాకింగుకి పోయినా నవ్వుతారు. 1948 లండన్ ఒలింపిక్స్ కళల పోటీలో జాన్ కాప్లీ అనే ఆయన పోలో ఆటగాళ్ళ బొమ్మకి రజతం తీసుకున్నాడు, అప్పటికి ఆయన వయసు 73. మీ ముందు ఇంకా పదిహేనేళ్ళున్నాయి.

సాయంత్రం అయిదుకి స్టేడియానికి రండి. కోర్టు పక్కన సిమెంటు గట్టు ఉంది, నీడ పడుతుంది, మోకాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. పలకలు చిన్నబజారులో అడిగి చూడండి. బలపాలు నా జేబులో ఎప్పుడూ ఉంటాయి. తడిగుడ్డ మాత్రం మీరే తెచ్చుకోండి, నాది ఎవరో పట్టుకెళ్ళారు.